మత్స్యగెడ్డ నుంచి డొంకరాయి దాకా: అడవి కొండల్లో కాంటూర్లు ఎక్కడ తప్పుతాయి, ఎలా సరిచేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ముంచింగిపుట్టు వైపు మత్స్యగెడ్డ మీది జోలాపుట్ జలాశయం మొదలుకొని డుడుమ, బలిమెల, గుంటవాడ, డొంకరాయి వరకు ఉన్న కొండ అడవికి 1:25,000 స్కేలులో టోపో మ్యాప్, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాప్, చేయాలనుకున్నారు. ఇస్రో వారి భువన్ సైటు నుంచి కార్టోడెమ్, దానితో పాటు యూరప్ వారి కోపర్నికస్ 30 మీటర్ల డెమ్ (ఉపగ్రహాలు కొలిచిన ఎత్తుల గళ్ల పటం) దించుకుని క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో 10 మీటర్ల కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, తీశారు. వాటిలో నాలుగు చిక్కులు కనిపించాయి: టోపోషీటు ఎత్తుకూ మీ ఎత్తుకూ అరవై మీటర్లు దాటి తేడా, కాంటూర్లు జలాశయంలోకి చొరబడడం, అడవిలో లేని గెడ్డలు పుట్టుకురావడం, ఒడ్డు గీత ఏ ఉపగ్రహ చిత్రంతోనూ కలవకపోవడం. ఏ సాఫ్ట్‌వేర్ వాడితే ఇవి పోతాయని అడిగారు.

సాఫ్ట్‌వేర్ మార్చినందువల్ల ఇవి పోవు. కాంటూరు బటన్ నొక్కే ముందే మూడు మట్టాలు తేల్చుకోవాలి. ఎత్తును ఏ సున్నా నుంచి కొలుస్తున్నాం? డెమ్‌లో ఉన్నది నేలా, చెట్టు కొనా? జలాశయంలో కనిపిస్తున్న నీళ్లు ఏ రోజువి? ఈ మూడూ తేలితే మిగతాది రెండు మూడు రోజుల పని. తేలకపోతే ఎంత అందంగా గీసినా అది తప్పు మ్యాపే.

ముందు సున్నా సంగతి. కార్టోడెమ్ ఎత్తులు డబ్ల్యూజీఎస్ 84 ఎలిప్సాయిడ్ (భూమికి బదులు లెక్క కోసం తీసుకునే నున్నటి, కాస్త నొక్కిన గోళం) మీద ఉంటాయి. టోపోషీటు ఎత్తులు సగటు సముద్ర మట్టం నుంచి లెక్కించినవి. మన తూర్పు కనుమల దగ్గర జియాయిడ్, అంటే నేల కింద కూడా సాగిందనుకునే సగటు సముద్ర మట్టం, ఎలిప్సాయిడ్ కంటే సుమారు 60-70 మీటర్లు కిందికి ఉంటుంది. అందుకే కార్టోడెమ్‌లో విశాఖ తీరం మైనస్ విలువలతో కనిపిస్తుంది, 838 మీటర్లు ఉండాల్సిన జోలాపుట్ నీళ్లు 770 చుట్టుపక్కల కనిపిస్తాయి. డెమ్ పాడైపోలేదు, కొలత మొదలైన చోటు వేరు, అంతే. ఎస్ఆర్‌టీఎం అనే నాసా డెమ్ ఎత్తులు ఈజీఎం 96 అనే జియాయిడ్ నమూనా మీద, కోపర్నికస్ ఎత్తులు దాని తర్వాత వచ్చిన ఈజీఎం 2008 మీద ఉంటాయి. రెండు మూడు డెమ్‌లు కలిపి వాడాలంటే అన్నిటినీ ఈజీఎం 2008కి తెచ్చుకోండి.

కార్టోడెమ్‌ని మార్చడానికి జీడాల్ వార్ప్‌లో (డెమ్‌ను ఒక కొలత వ్యవస్థ నుంచి ఇంకోదానికి మార్చే పనిముట్టు) మూలం ఈపీఎస్‌జీ సంకేత సంఖ్య 4979, గమ్యం 4326+3855 ఇస్తే చాలు. ఇక్కడ ఒక గుంట ఉంది. మీ కంప్యూటర్‌లో జీడాల్ వాడుకునే ప్రోజ్ లైబ్రరీకి ఈజీఎం 2008 గ్రిడ్ ఫైలు లేకపోతే ఒక్కోసారి ఏ ఎర్రరూ రాదు, ఫైలు చక్కగా తయారవుతుంది, ఎత్తు మాత్రం అంగుళం కూడా కదలదు. మార్చిన ఫైలు నుంచి మూలం ఫైలును తీసివేసి చూడండి. తేడా ఎక్కడ చూసినా 60-70 మధ్య వచ్చి, పడమటికి పోయేకొద్దీ నెమ్మదిగా మారుతుంటే పని అయినట్టు. సున్నా వస్తే గ్రిడ్ తెచ్చుకుని మళ్లీ నడపండి. ఏదో ఒక సగటు అంకెను మొత్తం ఫైలుకి కలిపేసే అడ్డదారి తొక్కకండి. జోలాపుట్ నుంచి డొంకరాయికి గాలిదారిలోనే 90 కిలోమీటర్ల పైన ఉంటుంది, ఆ దూరంలో జియాయిడ్ ఒకేలా ఉండదు.

ఆ తర్వాతే మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తరం, అంటే ఈపీఎస్‌జీ 32644కి మార్చండి. రీశాంప్లింగ్, అంటే కొత్త గళ్లకు విలువ లెక్కించే తీరు, బైలీనియర్ గానీ క్యూబిక్ గానీ పెట్టండి. డిఫాల్ట్‌గా ఉండే నియరెస్ట్ నైబర్ వదిలేస్తే డెమ్‌లో గళ్ల చారలు పడతాయి, అవి కాంటూర్లలో రంపపు పళ్లలా కనిపిస్తాయి. రెండు డెమ్‌ల తేడా చూసేటప్పుడు ఇంకొకటి గమనించండి. తేడా చిత్రం హిల్‌షేడ్ (వెలుగునీడల కొండ చిత్రం) లాగా, కొండకు ఒక పక్క ప్లస్సు, ఎదురు పక్క మైనస్సు చూపిస్తే ఆ తేడా ఎత్తులో లేదు. ఒక డెమ్ అర పిక్సెల్ పక్కకు జరిగి ఉందని అర్థం. ఎస్ఆర్‌టీఎం టైలులో 3,601 వరుసలు, కోపర్నికస్ టైలులో 3,600 వరుసలు ఉంటాయి. వాటిని మూలకు మూల అతికిస్తే 15 మీటర్లు జరిగిపోతుంది. ముందు దాన్ని సరిచేసి, ఆ తర్వాతే ఎత్తుల పోలికకు వెళ్లండి.

ఇక మీ లేని గెడ్డల సంగతి. ఈ డెమ్‌లు ఏవీ నేలను చూడలేదు. 2000 ఫిబ్రవరిలో ఎస్ఆర్‌టీఎం వాడిన రాడార్ తరంగం 5.6 సెంటీమీటర్లది, అది ఆకుల్లోకి కొంత దూరం దూరి ఆగిపోతుంది. కోపర్నికస్ డెమ్‌కి మూలమైన టాన్‌డెమ్-ఎక్స్ తరంగం మూడు సెంటీమీటర్ల చిల్లర, అది ఇంకా పైనే ఆగుతుంది. కార్టోశాట్-1ది స్టీరియో ఫోటో, దానికి చెట్టు తలే నేల. 20-25 మీటర్లు పెరిగే సిల్వర్ ఓక్ కింద కాఫీ వేసిన తోట దాని లెక్కలో ఒక గుట్ట.

దగ్గరగా ఒక వాలును తీసుకుందాం. 20 డిగ్రీల వాలు, చెట్ల ఎత్తు 18 మీటర్లు, మధ్యలో పోడు కొట్టిన ఒక చెక్క. అడవి ఉన్నచోట డెమ్ 18 మీటర్లు ఎక్కువ చెబుతుంది కాబట్టి ఒకే కాంటూరు అడవిలో వాలు కిందికీ, పోడులో వాలు పైకీ పోతుంది. ఆ జరుగుడు 18ని 20 డిగ్రీల టాన్‌తో భాగిస్తే దాదాపు 49 మీటర్లు. 1:25,000 కాగితం మీద రెండు మిల్లీమీటర్లు. పోడు చెక్క దగ్గర ఒకదాని కింద ఒకటి పది కాంటూర్లు ఇలా పైకి వంగితే చూసేవారికి అది అచ్చం కోనలాగా, గెడ్డ పుట్టిన చోటులాగా కనిపిస్తుంది. నిజానికి అక్కడున్నది కంది చేనో రాగి చేనో. డెమ్ నుంచి తీసిన ప్రవాహ గీతలు కూడా సరిగ్గా అందులోంచే దిగుతాయి. మీరు పంపిన చిత్రంలో తిన్నని అంచులున్న ఆ కోనలన్నీ ఇవే. నీరు కోసిన కోనకు నలుచదరపు అంచు ఉండదు.

దీనికి మూడు మందులున్నాయి. సులువైనది ఫాబ్‌డెమ్. 2022లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వారు కోపర్నికస్ నుంచి అడవినీ భవనాలనూ తీసేసి ఇచ్చిన డెమ్ అది. వ్యాపారేతర పనికి ఉచితం. మొదటి డ్రాఫ్ట్‌కి దాన్నే తీసుకోండి. అయితే అది ప్రపంచమంతటికీ ఒకే పద్ధతిలో చేసినది, మన నిటారు లోయల్లో, ముఖ్యంగా గెడ్డ వెంబడి ఉండే పెద్ద చెట్ల దగ్గర, కొంత ఎత్తు మిగిలిపోతుంది.

రెండోది మీరే సవరించుకోవడం. ఐస్‌శాట్-2 ఉపగ్రహం 2018 నుంచి పచ్చ లేజరుతో నేలనూ చెట్టు తలనూ విడివిడిగా కొలుస్తోంది. ఏటీఎల్08 అనే ఫైళ్లలో ప్రతి 100 మీటర్ల ముక్కకూ నేల ఎత్తు ఉంటుంది. ఆ ఎత్తు కూడా ఎలిప్సాయిడ్ మీదే కాబట్టి జియాయిడ్ తీసివేయడం మరచిపోకండి. రాత్రి తీసిన డేటా, బలమైన బీములు మాత్రమే ఉంచుకోండి. పగటి వెలుతురు ఫోటాన్ లెక్కను కలుషితం చేస్తుంది. వాలు 25 డిగ్రీలు దాటిన చోట్ల వచ్చిన బిందువులను పక్కన పెట్టండి, ఎందుకంటే 100 మీటర్ల ముక్కలో నేలే నలభై యాభై మీటర్లు మారుతుంది. మిగిలిన బిందువుల దగ్గర డెమ్ ఎత్తులోంచి నేల ఎత్తు తీసేయండి. ఆ తేడాలను దట్టమైన అడవి, పలచని అడవి, కాఫీ తోట, ఖాళీ నేల అని నాలుగు రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి మధ్యస్థ విలువ, అంటే మీడియన్, తీసుకోండి. సగటు వద్దు. మేఘం తగిలిన రెండు బిందువులు చాలు, సగటు చెడిపోతుంది.

అడవి మాస్క్, అంటే అడవి ఎక్కడుందో చూపే పొర, ఏ ఏడాదిదనేది చాలామంది పట్టించుకోరు. పోడు చోటు మారుతుంది. టాన్‌డెమ్-ఎక్స్ కొలిచింది ప్రధానంగా 2011-2015 మధ్య. మీరు నిన్నటి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రం చూసి ఇప్పుడు అడవి ఉన్నచోట 15 మీటర్లు తవ్వేస్తే, అప్పట్లో పోడుగా ఉండి తర్వాత చెట్లు పెరిగిన చెక్కలన్నీ గోతులవుతాయి. డెమ్ కాలానికి దగ్గరి లాండ్‌శాట్ చిత్రం తీసుకుని దాని నుంచే మాస్క్ చేయండి. అంచులో తేడాను ఒకే గంతులో తీయకుండా రెండు మూడు పిక్సెళ్ల మేర వాలుగా తగ్గించండి. రాడార్ కూడా అడవి అంచును నిటారుగా కాకుండా మసకగానే చూస్తుంది.

మూడోది లైడార్ డ్రోన్, అంటే లేజరుతో నేలను కొలిచే డ్రోన్. డబ్బూ అనుమతీ ఉంటే దానికి మించింది లేదు. మామూలు కెమెరా డ్రోన్ మాత్రం దట్టమైన అడవి మీద వృథా, అది మళ్లీ చెట్టు తలనే మరింత స్పష్టంగా చూపిస్తుంది. లైడార్ అయినా ఆకు రాలిన కాలంలో, మార్చి-ఏప్రిల్‌లో ఎగరేయండి. డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో ఎత్తు పరిమితి నేల నుంచి 120 మీటర్లు. 30 డిగ్రీల వాలు మీద టేకాఫ్ స్థలం నుంచి ఎత్తు లెక్కపెట్టే ప్లాన్ పెడితే 200 మీటర్లు పోయేసరికి కొండ 115 మీటర్లు లేచి డ్రోన్‌ని తగులుకుంటుంది. నేల ఎత్తును బట్టి డ్రోన్ పైకీ కిందికీ ఎగిరే టెర్రైన్ ఫాలో తప్పనిసరి. దానికి ఇచ్చే డెమ్ చెట్టు తల ఉన్నదై ఉండాలి, మీరు సవరించిన నేల డెమ్ కాదు. అటవీ శాఖ అనుమతి, ఆనకట్టలూ పవర్‌హౌసుల దగ్గర ప్రాజెక్టు వారి అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాకే డ్రోన్ పెట్టె తెరవండి.

ఇప్పుడు నీళ్లు. ఈ పనిలో అన్నిటికంటే విలువైన వనరు ఇదే, చాలామంది దీన్ని అడ్డంకి అనుకుని వదిలేస్తారు.

పూర్తిస్థాయి నీటిమట్టాలు రోజూ పేపర్లో అడుగుల్లో వచ్చేవే. జోలాపుట్ 2,750 అడుగులు, డుడుమ 2,590, బలిమెల 1,516, గుంటవాడ 1,360, డొంకరాయి 1,037. మీటర్లలో వరసగా 838.2, 789.4, 462.1, 414.5, 316.1. ఈ ఐదంకెలను గోడ మీద అంటించుకోండి. ఎందుకంటే కాంటూర్లను చూడగానే తప్పు పట్టేది ఇవే. జోలాపుట్ మట్టం 840 గీతకు 1.8 మీటర్లే తక్కువ. కాబట్టి 840 కాంటూరు జలాశయం చుట్టూ ఒడ్డును అంటిపెట్టుకుని బయటి వైపే తిరగాలి. ఎక్కడైనా అది నీళ్లలోకి దిగినా, ఒడ్డుకు అర కిలోమీటరు దూరం పోయినా అక్కడ డెమ్ తప్పో ఒడ్డు తప్పో ఉన్నట్టే. బలిమెల అందుకు తలకిందులు. 460 గీత పూర్తిమట్టానికి రెండు మీటర్లు కింద, అంటే జలాశయం నిండినప్పుడు మునిగి ఉంటుంది. దాన్ని గోధుమ రంగులో గీస్తే మ్యాప్ చదివేవాడు నీళ్లలో నేల ఉందనుకుంటాడు.

డెమ్‌లో జలాశయం పైన కాంటూర్లు రావడానికి రెండు కారణాలు. నీటి మీద రాడార్ సంకేతం తిరిగి రాదు, స్టీరియో ఫోటోలో నున్నటి నీటికి జత బిందువులు దొరకవు. అందువల్ల కార్టోడెమ్‌లో నీటి మీద పదుల మీటర్ల దిబ్బలూ గుంటలూ ఉంటాయి. కోపర్నికస్‌లో నీళ్లను ముందే చదును చేశారు గానీ, ఆ చదును వాళ్లు కొలిచిన రోజు మట్టానికి చేసింది. కనుక జలాశయం పాలిగన్, అంటే ఒడ్డు చుట్టూ మూసిన గీత, మీరే చేసుకుని, దాని లోపల పిక్సెళ్లన్నిటికీ ఒకే ఎత్తు ఇవ్వండి. జోలాపుట్‌కి 838.2. ఒడ్డు బయట ఒక పిక్సెల్ వెడల్పులో 838.2 కంటే తక్కువ ఉన్న ప్రతి విలువనూ 838.5కి పెంచండి. ఆనకట్ట కింది భాగాన్ని మాత్రం ముట్టుకోకండి, అక్కడ నేల నిజంగానే తక్కువ. ఇరుకైన మూలల్లో, రెండు కొండల మధ్య చెట్లు నీటిని కప్పేసినచోట పాలిగన్ తెగిపోయి రెండు చెరువులు అవుతుంది. అవి కలిసే చోటు చూసి చేత్తో కలపండి.

పాలిగన్ ఏ తేదీ చిత్రం నుంచి తీయాలి? వానాకాలం ముగిసి జలాశయం నిండి ఆకాశం తేటపడే అక్టోబర్-నవంబర్ మంచిది. చిత్రం తేదీ నాటి మట్టం పూర్తిమట్టానికి ఒక అడుగులోపు ఉన్నదే తీసుకోండి. మే నెల చిత్రం తీసుకుంటే ఏమవుతుందో లెక్క చూడండి. నీరు పది అడుగులు, అంటే 3.05 మీటర్లు దిగితే, ఒక శాతం వాలున్న మూలలో ఒడ్డు 305 మీటర్లు లోపలికి పోతుంది. 1:25,000 మీద పన్నెండు మిల్లీమీటర్లు. ఒక్కో చిత్రంతో ఒక్కోలా కలవకపోతోందన్న మీ నాలుగో చిక్కు ఇదే. మీ ఒడ్డు తప్పు కాదు, దానికి తేదీ లేదు.

అసలు లాభం ఇక్కడ మొదలవుతుంది. నిలిచిన నీటి అంచే ప్రకృతి గీసిన కాంటూరు. ఒక ఏడాదిలో జలాశయం నిండి తగ్గే క్రమంలో మేఘాలు లేని ఎనిమిది పది సెంటినెల్-2 చిత్రాలు ఎంచుకోండి. ప్రతి దానికీ ఆ రోజు మట్టం ప్రాజెక్టు రికార్డు నుంచో పేపరు నుంచో రాసుకోండి. పచ్చ, నియర్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండ్లతో నీటి సూచీ చేసి ఒడ్డు తీయండి. ప్రతి ఒడ్డు గీతా ఆనాటి మట్టం ఎత్తున్న నిజమైన కాంటూరు. పిక్సెల్ 10 మీటర్లు కాబట్టి, ఐదు శాతం వాలులో ఎత్తు తప్పు అర మీటరు మించదు. 30 మీటర్ల డెమ్ ఏదీ దీనికి దరిదాపుల్లోకి రాదు. పూర్తిమట్టానికీ వేసవి మట్టానికీ మధ్యనున్న పట్టీ అంతా, అంటే నీరు తగ్గాక జనం సాగు చేసుకునే భూమంతా, ఇలా అర మీటరు నాణ్యతతో మ్యాప్ అవుతుంది.

నీటి సూచీకి సున్నాను గుడ్డిగా హద్దు పెట్టకండి. ప్రతి చిత్రానికీ హిస్టోగ్రామ్ చూసి నీరు-నేల మధ్య లోయలో హద్దు పెట్టండి. తడి బురద, నీటి మీద తేలే కలుపు, మునిగిన ఎండు మోడులు అంచును తప్పుదారి పట్టిస్తాయి. డిసెంబర్-జనవరిలో సూర్యుడు కిందుగా ఉండి ఉత్తరపు వాలుల నీడ నల్లగా పడుతుంది, సూచీ దాన్ని నీరంటుంది. నీటికి వాలు ఉండదు కాబట్టి, డెమ్‌లో 10 డిగ్రీల పైన వాలున్న చోట దొరికిన నీటిని కొట్టేయండి. వానాకాలంలో మేఘాల వల్ల చిత్రాలు దొరకక సెంటినెల్-1 రాడార్‌కి వెళితే రాడార్ నీడతో అదే తంటా. మార్చి-ఏప్రిల్‌లో పోడు పొగ వేరే.

అన్ని జలాశయాలూ ఈ పద్ధతికి ఒకేలా సహకరించవు. జోలాపుట్, బలిమెల పెద్దవి, మట్టం నింపాదిగా మారుతుంది. ఉదయం ఆరింటి గేజ్, పదిన్నర దాటాక తీసే చిత్రం ఒకే మట్టమనుకోవచ్చు. డుడుమ, గుంటవాడ మాత్రం పవర్‌హౌస్‌కి నీళ్లందించే చిన్న జలాశయాలు. టర్బైన్లు నడిచే తీరును బట్టి ఒక్కరోజులోనే ఎక్కీ దిగీ పోతాయి. వాటికి ఆ గంట రీడింగ్ ఉంటే తప్ప వాడకండి.

ప్రాజెక్టు అడుగులూ ఈజీఎం 2008 మీటర్లూ ఒకే సున్నా నుంచి మొదలవుతాయని నమ్మకం లేదు. ఆనకట్టల మట్టాలు కట్టినప్పటి లెవెలింగ్ బెంచ్‌మార్కుల మీద ఉంటాయి. ఆ లెవెలింగ్ వల మూలం 1909లో సరిచేసిన తొమ్మిది టైడ్ గేజ్‌ల సగటు సముద్ర మట్టం, అందులో విశాఖపట్నం ఒకటి. తేడా ఎంతో తేల్చడానికి ఐస్‌శాట్-2 వారి ఏటీఎల్13 ఫైళ్లు చూడండి, అందులో జలాశయాల నీటి ఎత్తు ఉంటుంది. ఉపగ్రహం జలాశయం మీదుగా పోయిన ప్రతి తేదీకీ దాని ఎత్తులోంచి గేజ్ ఎత్తు తీసేయండి. తేడా అన్ని తేదీల్లోనూ ఒకేలా ఉంటే అది డేటమ్ (ఎత్తు కొలత మొదలయ్యే సున్నా) తేడా. దాన్ని గేజ్ అంకెలకు కలిపి వాడండి. తేదీకోలా మారితే గేజ్ అంకెల్లో అచ్చు తప్పో, మేఘం తగిలిన ఉపగ్రహ కొలతో ఉంది. డేటమ్ తేలకుండా అర మీటరు నాణ్యత గురించి మాట్లాడటం తొందరపాటు.

వేసవిలో కూడా బయటపడని అడుగుభాగానికి డెమ్ పనికిరాదు. అక్కడ పడవ, ఎకోసౌండర్ తప్ప దారి లేదు. పాత నదీ మార్గానికి అడ్డంగా 50-100 మీటర్లకొక లైను, ఒక్కో లైనులో జీపీఎస్‌తో కలిపి లోతు. మునిగిన చెట్ల మోడులు అడుగుగా నమోదవుతాయి, కాబట్టి రెండు ప్రతిధ్వనులు వచ్చినచోట లోతైనదాన్ని తీసుకోండి. అక్కడి నాటు పడవలు అలకు తట్టుకోవు. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కించకండి. కొలవలేకపోతే నీలం లోతు గీతలు గీయకండి, నీటిని ఖాళీగా వదిలేయడమే సరి.

ప్రవాహ గీతలు తీసేటప్పుడు డెమ్‌లోని గుంటలను నింపే ఫిల్ సింక్స్ వాడటమే అలవాటు. అడవిలో అది హాని చేస్తుంది. ఇరుకు గెడ్డ మీద చెట్లు కప్పుకుంటే డెమ్‌లో అక్కడ కట్ట వేసినట్టు ఉంటుంది. ఫిల్ చేస్తే దాని వెనక లోయంతా నిండి లేని చెరువు పుడుతుంది. వైట్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో బ్రీచ్ డిప్రెషన్స్ వాడి ఆ కట్టను కోయండి. జలాశయం లోపల మాత్రం ప్రవాహ గీతలు తీయకండి, చదును మీద అవి సమాంతరంగా గీసిన గీతల్లా వస్తాయి. ఇదే పద్ధతిని తూర్పున గోస్తని వైపు పాకిస్తే బొర్రా దగ్గర ఆగండి. సున్నపురాయిలో నీరు నిజంగానే నేలలోకి పోతుంది, అక్కడ కోత కోస్తే ఉన్న గుహను చెరిపినట్టవుతుంది. డుడుమ జలపాతం నూట యాభై మీటర్లకు పైబడిన నిలువు. 30 మీటర్ల పిక్సెళ్లలో అది వాలుగా పరుచుకుంటుంది. కాంటూర్లను నమ్మకుండా కొండ అంచు గుర్తు వేసి, పైనా కిందా స్పాట్ హైట్, అంటే ఆ చోటి ఎత్తు అంకె, రాయండి.

ఇక 10 మీటర్ల కాంటూర్లు. వాడుకలో ఉన్న నియమం ఏమిటంటే నూటికి తొంభై బిందువుల తప్పు కాంటూరు అంతరంలో సగం లోపు ఉండాలి. 10 మీటర్లంటే 5 మీటర్లు. కార్టోడెమ్ చెప్పుకునే నాణ్యతే 8 మీటర్లు. కోపర్నికస్ 4 మీటర్ల లోపు అంటుంది, కానీ అది దాని సొంత ఉపరితలానికి, చెట్టు కింది నేలకు కాదు. అడవిలో మీ చేతిలో ఉన్న డేటా 20 మీటర్ల కాంటూర్లకు సరిపోతుంది, అంతకు మించి మోయదు. నా సలహా: మొత్తం 20 మీటర్లు, ప్రతి ఐదో గీత, అంటే ప్రతి 100 మీటర్లకు, లావుగా. జలాశయాల పట్టీలోనూ, మీరు జీపీఎస్‌తో కొలిచిన పొలాల్లోనూ మధ్యలో 10 మీటర్ల సన్న గీత కలపండి. దట్టమైన అడవిలో ఏ తనిఖీ బిందువూ లేనిచోట గీతను తెంపుతెంపులుగా గీయండి. చదివేవాడికి అది అంచనా అని తెలుస్తుంది. గీతకు ముందు డెమ్‌ని కొద్దిగా నునుపు చేయండి, వైట్‌బాక్స్‌లో ఫీచర్ ప్రిజర్వింగ్ స్మూతింగ్ అయితే శిఖరాల అంచులు కరిగిపోవు. నునుపు చేశాక జలాశయాలను మళ్లీ చదును చేయాలి, లేకపోతే ఒడ్డు చుట్టూ ఎత్తు పాకి మొదటి తప్పు తిరిగొస్తుంది.

తనిఖీకి కనీసం ఇరవై బిందువులు, అడవిలో సగం, బయట సగం. ఏజెన్సీలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, ఫోన్ నెట్ ద్వారా అక్కడికక్కడే జీపీఎస్‌ను సరిచేసే నెట్‌వర్క్ ఆర్‌టీకే మీద ఆధారపడితే రోజంతా వృథా. ఒకచోట నిలిపే సొంత బేస్, చోటుచోటికీ తిప్పే రోవర్ పెట్టుకుని స్టాటిక్‌గా రికార్డు చేసి ఇంటికొచ్చి ప్రాసెస్ చేయండి. పది కిలోమీటర్ల బేస్‌లైన్‌కి 45 నిమిషాలు. చెట్టు కింద కాకుండా రాతి బండ మీదో, పోడు మధ్యలోనో నిలపండి.

డిఫరెన్షియల్ జీపీఎస్ లేకపోతే బారోమీటరున్న చేతి జీపీఎస్‌తోనూ పని సాగుతుంది, కానీ దాన్ని అర్థం చేసుకుని వాడాలి. పీడనం ఒక హెక్టోపాస్కల్ మారితే సుమారు తొమ్మిది మీటర్ల ఎత్తు మారినట్టు చూపిస్తుంది. మన అక్షాంశాల్లో పీడనం రోజూ ఉదయం పదింటికి పైకీ, సాయంత్రం నాలుగింటికి కిందికీ ఊగుతుంది, మూడు హెక్టోపాస్కళ్ల వరకు. పదింటికి సరిచేసిన పరికరాన్ని కదపకుండా బండ మీద పెట్టినా నాలుగింటికి పాతిక మీటర్లు పైకెక్కినట్టు చెబుతుంది. జలాశయం ఒడ్డున నీటి అంచుకు ఆనించి ఆనాటి మట్టానికి సరిచేయండి, ఆ ఒడ్డు పొడవునా ప్రతి చోటూ మీకు బెంచ్‌మార్కే. గంటన్నర లోపు కొలతలు ముగించి మళ్లీ నీటి అంచుకు వచ్చి చూసుకోండి. తేడా వస్తే సమయానికి తగ్గట్టు పంచండి.

కొలత పరికరం అక్కర్లేని తనిఖీలు రెండున్నాయి. డొంకరాయి నుంచి పవర్‌హౌస్ వైపు పోయే కాలువ కొండ నడుం మీదుగా దాదాపు సమతలంగా సాగుతుంది. మీ కాంటూర్లు దానికి ఇంచుమించు సమాంతరంగా పోవాలి. 20 మీటర్ల గీత కాలువను అడ్డంగా దాటి, కిలోమీటరు తర్వాత మళ్లీ వెనక్కి దాటితే మధ్యలో అడవి సవరణ తప్పింది. ఇక అరకు వైపు కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో స్టేషన్ బోర్డుల మీద ఎత్తు రాసి ఉంటుంది, శిమిలిగుడ బోర్డు 996 మీటర్లు చెబుతుంది. స్టేషన్ యార్డు చదునుగా, చెట్లు లేకుండా ఉంటుంది కాబట్టి డేటమ్ మార్పు సరిగ్గా జరిగిందో లేదో అక్కడ తెలిసిపోతుంది.

రాష్ట్ర సరిహద్దును నది మధ్యగా మీరు ఊహించి గీయకండి, సర్వే ఆఫ్ ఇండియా ఇచ్చినదే వాడండి. జోలాపుట్ పాత షీటు 65 జె పరిధిలోకి వస్తుంది. ఊరి పేర్లను మాత్రం షీటు నుంచి ఎత్తి రాయకుండా ఊరివాళ్ల నోట విని రాయండి. పుట్టు, గుడ, వలసలతో ముగిసే పేర్లు తెలుగు నోటా ఒడియా నోటా వేరువేరుగా పలుకుతాయి. పాత షీట్లలో ఇంగ్లీషు స్పెల్లింగ్ మీదుగా తిరిగి వచ్చి ఇంకోలా మారాయి. రెండు పలుకుబళ్లుంటే రెండూ వేయండి.

అచ్చుకిచ్చే ముందు మార్జిన్‌లో ఇవి ఉండాలి: ఎత్తుల డేటమ్ ఈజీఎం 2008 అనీ, ప్రాజెక్టు మట్టానికి మీరు కలిపిన తేడా ఎంతో, ఏ డెమ్, అది ఏ సంవత్సరాల్లో కొలిచినది, అడవి సవరణ ఏ రకానికి ఎన్ని మీటర్లు, నీలపు ఒడ్డు గీత ఏ మట్టానిది, ఏ తేదీ చిత్రం నుంచి తీసినది, తనిఖీ బిందువులు ఎన్ని, అడవిలో తప్పు ఎంత, బయట ఎంత. అడవి తప్పునూ బయటి తప్పునూ కలిపి ఒకే అంకెగా వేయకండి. మ్యాప్ పట్టుకుని అడవిలోకి పోయేవాడికి కావాల్సింది అడవి అంకే.